తొంభై మూడు బిందెల గడియారం

జి.మాడుగుల,
19 జనవరి 2026, సోమవారం.

చెల్లెలు రమణికి,

సత్యక్క రాస్తున్నది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ పన్నెండేళ్ళుగా పలకరించని మనిషి క్షేమం తలిచే హక్కు నాకుందో లేదో తెలియదు. అందుకని తలవకుండా సూటిగా అడుగుతున్నాను, బాగున్నావా? చింతూరులో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌వి అయ్యావని తెలిసింది. ఎవరు చెప్పారని అడక్కు. ఫోన్ చేద్దామంటే నా నంబరు నువ్వు ఎప్పుడో బ్లాక్ చేశావు. పోస్టుమాన్‌ని బ్లాక్ చేయడం నీ వల్ల కాదు కాబట్టి ఈ ఉత్తరం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, నా ఉపన్యాసాలంటే నీకు ఓపిక లేదు. మనిద్దరం సంస్థ తరఫున తిరిగిన పనసగరువుకి కుళాయి వస్తోంది! పై కొండలో ఎండాకాలం కూడా ఆగని పెద్ద ఊట ఉంది కదా, అక్కడి నుంచి ఊళ్ళోకి పైపు దింపుతున్నారు. మోటారు లేదు, కరెంటు లేదు, నీళ్ళు వాటంతటవే పల్లానికి దిగుతాయి. ఫిబ్రవరి ఇరవై రెండు, ఆదివారం నాడు మొదటి బిందె పడతారు. ఆ బిందె నువ్వే పట్టాలని ఊళ్ళో ఆడవాళ్ళందరి తరఫునా కనక పట్టుబట్టింది. సిన్న మేడం రాకపోతే కుళాయి తిప్పనియ్యనని మేస్త్రీతో కూడా చెప్పేసిందట. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషని నీకు తెలుసు. కాబట్టి నువ్వు రావడం, రాకపోవడం ఇప్పుడు మన ఇద్దరి గొడవ కాదు. ముప్పై ఒక్క ఇళ్ళ గొడవ.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి. చెప్పకపోతే నాకు తోచదు.

పోయిన ఆగస్టులో పాడేరులో మాలాంటి సంస్థల వాళ్ళందరికీ రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. మనం రాసింది రాసినట్టు ఇచ్చేస్తే, దాన్ని చదివి, బొమ్మలుగానూ పటాలుగానూ మార్చి, తెర మీద చూపించడానికి వరసగా పేర్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. నేను వెనక బెంచీలో కూర్చుని, ఈ వయసులో నాకిదేం ఖర్మ అనుకుంటూ, మధ్యాహ్నం భోజనంలో చేప ఉంటుందా లేదా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో ట్రైనింగ్ ఇచ్చే ఆవిడ కాఫీ తోటల గురించి ఒక పేరా అందులో పడేసింది. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేలోపల పండు కోయడం దగ్గర్నుంచి తొక్క తీయడం, ఆరబెట్టడం, బస్తా కట్టడం దాకా బాణాల గుర్తులతో సహా తెర మీదికి వచ్చేశాయి. నోరు తెరిచాను రమణీ. నిజంగానే తెరిచాను, పక్కావిడ చూసి నవ్వింది.

నా రిపోర్టుల సంగతి నీకు తెలుసు. పద్నాలుగు పేజీలకు ఒక్కటి తగ్గినా పని ఎగ్గొట్టినట్టు ఉండేది నాకు. వాటిని మొదటి నుంచి చివరి దాకా చదివింది టైపు చేసినవాళ్ళే, వాళ్ళు కూడా తప్పక. ఒక పేరా ఇంత మాట్లాడగలదని ఆ రోజే తెలిసింది.

ఇంటికి వచ్చి, పనసగరువు వాళ్ళు ఇప్పుడు నీళ్ళు పట్టే కింది చిన్న ఊట గురించి రెండు పేజీలు టైపు చేసి దానికి ఇచ్చాను. అంతా గొప్పగా చేసిందని అనను. మన కొండ అంటే నెత్తిన మంచు వేసింది. నీళ్ళు మోసే ఆడవాళ్ళకి పాంటు, షర్టు తొడిగింది. బిందె బదులు గాజు సీసా పెట్టింది. అవన్నీ విప్పి, కట్టి, సర్దేసరికి నాలుగు రోజులు పట్టింది. విసుక్కోకుండా ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు మార్చింది. అంత ఓపిక మనుషుల్లో నేను చూడలేదు, నాలో అసలే చూడలేదు.

నాలుగో బొమ్మ దగ్గర మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. గుండ్రంగా గీత, అందులో రోజుకున్న ఇరవై నాలుగు గంటలూ గడులు. ప్రతి గంటలో నాలుగేసి చిన్న బిందెలు. మొత్తం తొంభై మూడు బిందెలు. చివర ఒక సన్నటి ముక్క ఖాళీ.

మే నెలలో ఆ ఊట దగ్గర ఒక బిందె నిండడానికి పావుగంట పడుతుంది. ఇంటికి ఎంత తక్కువ వాడినా మూడు బిందెలు. ఊళ్ళో ముప్పై ఒక్క ఇళ్ళు. ఈ మూడు ముక్కలూ ఆ రెండు పేజీల్లో మూడు చోట్ల ఉన్నాయి. ఏరి తెచ్చి హెచ్చవేసింది. నేను నమ్మలేదు, కాగితం తీసుకుని చేత్తో లెక్క కట్టాను. ఇరవై మూడు గంటల పదిహేను నిమిషాలు. అంటే పగలూ రాత్రీ ఎవరో ఒక ఆడమనిషి ఆ ఊట ముందు కూర్చునే ఉంటే తప్ప ఊరికి నీళ్ళు చాలవు. మిగిలేది ముప్పావుగంట. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను ఎన్నిసార్లు తీవ్రమైన నీటి ఎద్దడి అని రాశానో! ముప్పావుగంట అని ఒక్కసారీ రాయలేదు.

ఊరి గురించి పాడేరు ఆఫీసుకి వెళ్ళే కాగితం ఏదైనా ముందు ఊరు చూడాలి కదా. ఆ పద్ధతి ఇప్పటికీ అలాగే ఉంది. అద్దెకు తెచ్చిన చిన్న ప్రొజెక్టర్ పట్టుకుని వెళ్ళాను. కనక ఇంటికి కిటికీలు లేవు, మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే, అందుకని అదే మా సినిమా హాలు. దుప్పటి కట్టాం. ఒక బొమ్మలో మంచు తీయడం నేను మరిచిపోయాను. ఏటి మేడమూ, మా కొండకి తల నెరిసిపోనాదేటని కనక అడిగింది. ఊరి పెద్ద సోంబరు, అది కొండది కాదు, కొండని సూసుకుని సూసుకుని మన తలలే నెరిసినాయన్నాడు. ఇల్లంతా నవ్వులు.

తరవాత నాలుగో బొమ్మ వచ్చింది. కనక లేచి దుప్పటి దగ్గరికెళ్ళి, ఆ బిందెల మీద వేలు పెట్టి తిప్పుకుంటూ వచ్చింది. సిన్న మేడం మా వాకిట్లో గీసిన సుట్టు ఇదే గదా, ఆ పొద్దు సింతపిక్కలు, ఈ పొద్దు బిందెలు, అంతే గదా అంది. అని నా వైపు చూసింది. నేను వైరు సర్దుతున్నట్టు వంగాను.

ఆ వాకిలి గురించి నేను ఎప్పుడూ నీతో మాట్లాడలేదు. ఇప్పుడు రాస్తాను. పన్నెండేళ్ళ కిందటి ఆ మే నెలలో ఆఫీసరు జీపు బయల్దేరిందని కబురు వచ్చింది. నువ్వు కనక వాకిట్లో ముగ్గుపిండితో గుండ్రంగా గీసి, గంటకొక గడి చేసి, ఆడవాళ్ళ చేత బిందెకొక చింతపిక్క పెట్టిస్తున్నావు. ఒక్కొక్కతే వచ్చి తన పిక్క తను పెట్టి, తన గంట ఏదో చూసుకుని నిలబడుతోంది. నేను చూసి, ఆఫీసర్లకి ముగ్గులు చూపిస్తావా, సంస్థ పరువు తీస్తావా అని అందరి ముందూ అరిచాను. చీపురు తీసుకుని నా చేత్తో నేనే ఊడ్చేశాను. జీపు వచ్చేసరికి వాకిలి శుభ్రం. ఆయన చేతిలో నా పద్నాలుగు పేజీలు పెట్టాను. ఆయన వాటిని సీటు మీద పెట్టి, వాటి మీదే కూర్చుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నువ్వు నీ నోట్‌బుక్ అడిగావు. రిపోర్టు కోసమని నీ దగ్గర తీసుకున్నదే. గెడ్డ దాటుతుంటే నీళ్ళలో పడి కొట్టుకుపోయిందని చెప్పాను. నువ్వు బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయావు. తిట్టి వెళ్ళినా బాగుండేది. పనసగరువు ఆడవాళ్ళు ఇంకో పన్నెండు వేసవులు ఆ ఊట ముందు కూర్చున్నారు. అందులో నీ తప్పు ఏమీ లేదు. నాది చాలా ఉంది.

నవంబరులో పాడేరులో నీళ్ళ పథకాలు మంజూరు చేసే కమిటీ కూర్చుంది. ఒక్కో ఊరికి ఏడు నిమిషాలు. నా పద్నాలుగు పేజీలుంటే వాటి వెనకైనా దాక్కునేదాన్ని. నాలుగో బొమ్మ వేసి, ఇది మే నెలలో ఒక రోజు అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. అధ్యక్ష స్థానంలో ఉన్న ఆవిడ ఆ ఖాళీ ముక్క ఏమిటని అడిగారు. అది వాళ్ళు ఊట వదిలి రాగలిగే సమయం అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, బొమ్మని మళ్ళీ మొదటి నుంచి చూశారు. మంజూరు అక్కడికక్కడే చెప్పారు, కాగితం డిసెంబరులో వచ్చింది. నాకు చప్పట్లు కూడా కొట్టారు.

ఆ సాఫ్ట్‌వేర్ అంటే నాకిప్పుడు భక్తి లాంటిది ఏర్పడింది, నవ్వకు. ఒక్కటే అంతుపట్టలేదు. లోకంలో ఎన్ని రకాల పటాలు లేవు? నిచ్చెనలు, స్తంభాలు, బాణాలు. వాటన్నిటినీ వదిలేసి సరిగ్గా నీ ముగ్గే ఎలా గీసిందో, ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు.

వస్తావు కదూ? సీలేరు మీదుగా వస్తే దారి దగ్గర గానీ ఆ మలుపుల్లో నీకు కడుపులో తిప్పుతుంది, అల్లం ముక్క పెట్టుకో. పాడేరులో దిగితే నేనే జీపుతో ఉంటాను. జీపులో మాట్లాడకపోయినా సరే. కనక వండే రాగి అంబలి తాగి, బిందె పట్టి, నన్ను చూడకుండా వెళ్ళిపోయినా సరే.

నీ తిట్లు ఇంకా బాకీ ఉన్న
సత్యక్క

తా.క. 22 జనవరి.

ఉత్తరం కవరులో పెట్టి మూడు రోజులు టేబుల్ మీదే ఉంచాను. పోస్టు చెయ్యడానికి చెయ్యి రాలేదు. పైన ఒక అబద్ధం ఉంది.

ఆ రెండు పేజీలు నావి కావు. నీ నోట్‌బుక్ నుంచి ఎత్తి రాసినవి. నువ్వు వెళ్ళిన మర్నాడే అంతా చదివాను. తెల్లారి నుంచి మళ్ళీ తెల్లారేదాకా చేతి గడియారం పెట్టుకుని ఊట దగ్గర కూర్చుని ఒక్కొక్క బిందే రాశావు. ఎవరి బిందె, నిండడానికి ఎంతసేపు, ఎవరు తమ వంతు బాలింతకి ఇచ్చి వెనక్కి జరిగారు. నా రిపోర్టులన్నీ దాని ముందు చిత్తు కాగితాలని తెలిసింది. కుళ్ళుకున్నాను, బీరువాలో దాచాను. ఇంకో కారణం ఏదీ లేదు. నేను మార్చింది ఒక్కటే, అప్పటి ఇరవై ఆరు ఇళ్ళని ఇప్పటి ముప్పై ఒకటి చేశాను.

నీ ముగ్గు దానికెలా తెలిసిందో నాకు బాగా తెలుసు. గుండ్రంగా గీసి, గంటకొక గడి చేసి, బిందెకొక పిక్క పెట్టాలని నువ్వు పదకొండో పేజీలో రాసిందీ నేను అందులోకి ఎత్తి రాశాను. అది ఒక్కసారి చదివి నీ మాట విన్నది. నేను వినలేదు.

చివరి బొమ్మ కింద తయారు చేసినవారు అని రాసి, పేరుకి చోటు వదిలింది. అక్కడ నా పేరు వేసుకుని కమిటీకి చూపించాను. నిన్న దాన్ని తీసి నీ పేరు వేసి, ఎందుకు మార్చానో రాసి, మళ్ళీ పంపాను. కనకకి కూడా వెళ్ళి చెప్పాను. ఆవిడ రాగులు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. బొమ్మ సూసిన నాడే మాకు తెలుసు, నువ్వే ఎప్పుడు సెప్తావా అని సూత్తన్నామంది. మొదటి బిందె నీదేనని ఎందుకు పట్టుబట్టిందో అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు.

ఊరంతటికీ బిందెడు నీళ్ళు లేని మే నెలలో నోట్‌బుక్ గెడ్డలో కొట్టుకుపోయిందని చెప్పాను నీకు! అబద్ధానికైనా అందులో చీలమండ మునిగేంత నీళ్ళుండాలి కదా. నీకు ఆ రోజే తెలిసి ఉంటుంది.

ఆ నోట్‌బుక్‌ని ఈ కవరులోనే పెడుతున్నాను. తిరగేసి చూసుకో, ఒక్క పేజీ కూడా తడవలేదు.