గురమ్మ కొట్టం

ఫిబ్రవరి 7

రిజిస్ట్రేషన్ అయిపోయింది. గురమ్మ గొడ్ల కొట్టం ఇవాళ్టి నుంచి నాది. కాగితం మీద 'హెప్సిబా, తండ్రి ఏలీయా' అని ఉంటే మూడుసార్లు చదువుకున్నాను.

ఆ కొట్టంలోనే నాయన పదహారేళ్లు గురమ్మ వాళ్లకు జీతం ఉన్నాడు. పగలంతా గొడ్లు కాసి, వాటి మధ్యే పడుకునేవాడు. నేను పుట్టిన సంగతి కూడా ఎవరో అక్కడికి పోయి చెప్పారట.

మా ఆయన వినయ్ బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ సెంట్రింగ్ పని. కొమరోలులో ఇంకేదైనా స్థలం చూడమని మళ్లీ అన్నాడు. ఆయనకు చెప్పినా అర్థం కాదు. అదే చోట నాయనకు మంచం వేస్తాను, ఫ్యాన్ కింద. గురమ్మ ఆ దారిన పోతూ చూడాలి.

మార్చి 1

కొట్టాన్ని ఇల్లు చేసే పని నాగరాజు మేస్త్రీ మొదలుపెట్టాడు. గడ్డి వేసే గాడి పగలగొట్టారు. రెండడుగుల లోతు దాకా మట్టి నల్లగా, ఉచ్చ కంపు. అదంతా ట్రాక్టర్‌తో తోలించాం. అంగన్‌వాడీ పిల్లల్ని ఇళ్లకు పంపి వచ్చి నేనూ తట్ట మోశాను.

మార్చి 19

ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతోంది. ఎన్నేళ్ల ఉచ్చ తాగిందో ఈ గోడ, ఉప్పు ఊరికే పోదు అన్నాడు మేస్త్రీ. మళ్లీ గీకించాం.

ఏప్రిల్ 6

అద్దె ఇంటివాళ్లు నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. నాయన పక్క తడుపుతున్నాడు, వాసనట. మరుపు కూడా ముదిరింది. అమ్మ పోయి ఏడేళ్లయితే, పొద్దున లేచి మీ అమ్మ ఏదని అడిగాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. వాళ్లూ వీళ్లూ ముప్పై మంది దాకా వచ్చారు. ఆటోలోంచి నాయనను దింపాను. కొత్త తలుపు ముందు ఆగిపోయాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడ వెంట వెనక వైపుకు పోయాడు. పేడ మోసే దారి అక్కడే ఉండేది. ఇప్పుడు గోడ కట్టేశాం. ఆ గోడను తడుముతూ నిలబడ్డాడు.

అందరూ చూస్తున్నారు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. తీసుకురావడం కాదు, లాగాను.

ఏప్రిల్ 30

మంచం ఎక్కడు. వెనక గోడ మూల నేల మీదే పడుకుంటున్నాడు.

మే 5

నన్ను గురమ్మమ్మా అని పిలిచాడు.

మే 8

ఆరింటికి లేచి చూస్తే నాయన వంగి రెండు చేతులతో నేల మీద ఎత్తుతున్నాడు. లేని పేడ. వేళ్లు నాపరాయికి రాసుకుని రక్తం. ఆపబోతే చేతులు జోడించాడు.

"పొద్దెక్కింది, తప్పయింది. అయ్యకు చెప్పొద్దమ్మా."

మా నాయన నాకు దండం పెట్టాడు.

నాయన కోసం కొన్నానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. కాదు. గురమ్మ చూడాలని కొన్నాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అమ్మేద్దామంటాడు వినయ్. అమ్మి ఎక్కడికి పోవాలి? అద్దెకు మూడు ఇళ్లు అడిగాను. నాయన సంగతి తెలిసి ముగ్గురూ లేదన్నారు. పనికి పోలేదు. వేళ్లకు గుడ్డ కట్టి పక్కనే కూర్చున్నాను. గుడ్డ విప్పేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. అరిచాను. అరిచేసరికి ఇంకా తొందరగా ఎత్తడం మొదలుపెట్టాడు.

దేవా, నేనేం చేశాను.

మే 11

గురమ్మ ఇంటికి పోయాను. జన్మలో ఎక్కకూడదనుకున్న గడప అది. పని అయిపోయిందని మీ నోటితో నాయనకు చెప్పండమ్మా అని అడిగాను. మోకాళ్లు పట్టేశాయి, నడవలేనంది. ఆటో తెస్తానన్నాను.

మే 12

వచ్చింది. నాయన ఉలిక్కిపడి లేచి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. నేను వేసిన కుర్చీలో గురమ్మ కూర్చోలేదు.

"ఏలీయా, గొడ్లన్నీ అమ్మేసినాం. నీ జీతం తీరిపోయింది. ఇంక ఇంటికి పో."

నాయన తల ఊపాడు. కదల్లేదు.

"ఇల్లు ఏడుందమ్మా?"

గురమ్మ నా వైపు చూసింది. ఇదే నీ ఇల్లు అని ఆమే చెప్పింది. నాయన నవ్వాడు. పెద్దవాళ్లు పరాచికాలాడితే నవ్వాలి కాబట్టి నవ్వే నవ్వు.

ఆటో ఎక్కేటప్పుడు గురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెలో చూడాలనుకున్నది చూశాను. చూసి ఏం చేసుకోవాలో తెలియలేదు.

మే 21

నేల మీద ఎత్తడం మానాడు. మంచం అంచున కూర్చుంటున్నాడు. ఎవరైనా వస్తే లేచి నిలబడతాడు. నేను వచ్చినా.

జూన్ 3

సాయంత్రం గుమ్మంలో కూర్చుని, ఇది ఎవరి ఇల్లమ్మా అని అడిగాడు. మాదే అన్నాను. మీ నాయన ఏం పని చేస్తాడు అన్నాడు. ఏ పనీ చెయ్యడు, తిని ఇంట్లో పడుకుంటాడు అన్నాను.

"పెట్టి పుట్టినాడమ్మా" అన్నాడు.