నాలుగోసారి తట్టిన తలుపు

తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు వేళకు తిని నిద్రపోతున్నావని అక్కడి డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పింది, ప్రాణం కుదుటపడింది.

నాన్న మోకాలి నొప్పి సంగతి అడిగావు. తగ్గింది. ఏదైనా పని చెప్తే మాత్రం మళ్ళీ వస్తోంది.

"మత్తు వాడేవాళ్ళని దేశమంతా లెక్కపెడుతున్నారు కదా, అందులో నేనున్నానా?" అని రాశావు. లేవురా. ఆ సర్వేకి తిరిగే మేము ఇళ్ళలో ఉన్నవాళ్ళనే అడుగుతాం. చికిత్సలో ఉన్నవాళ్ళు మా జాబితాలోకి రారు. ఏయే ఇళ్ళకు వెళ్ళాలో పైనుంచి చీటీ తీసినట్టు తీసి పంపుతారు. ఇంట్లో ఎవరిని అడగాలో మాకిచ్చిన ట్యాబ్ ఎంచుతుంది. తలుపు తీయలేదని పక్కింటికి పోకూడదు, వేళలు మార్చి నాలుగుసార్లు వెళ్ళాలి. దొరికినవాళ్ళనే అడిగితే దాక్కున్నవాళ్ళ సంగతి ఎలా తెలుస్తుందని మా సూపర్‌వైజరు ప్రాణం తీస్తాడు. నా చెప్పులు అరిగాయి గానీ ఆయన నోరు అరగలేదు.

మొన్న ఒక మేడమీద వాటాకి నాలుగోసారి వెళ్ళాను. ట్యాబ్ ఎంచింది ఆ ఇంటి పెద్దకొడుకుని. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మావాడు ఊళ్ళో లేడమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?" అంది. లోపల ఎవరో దగ్గుతున్నారు. సాయం కావాలంటే ఫోన్ చేయాల్సిన నంబరు కాగితం ఆవిడకిచ్చి, "చింపేయకండమ్మా" అని మాత్రం అన్నాను.

ఇక నీ దగ్గర దాచలేను. మూడేళ్ళ కిందట మనింటికీ ఇలాగే సర్వేవాళ్ళు వచ్చారు. వాళ్ళు అడగాల్సింది నిన్నే. నువ్వు వెనకగదిలో పడుకుని ఉంటే, "మా తమ్ముడు ఊళ్ళో లేడండీ" అని నాలుగుసార్లూ చెప్పి పంపింది నేనే. పరువు పోతుందనుకున్నాను. ఆ కాగితం నాకూ ఇచ్చారు. చింపి చెత్తబుట్టలో వేశాను. ఆ తర్వాత ఏడాదిన్నరకి నిన్ను స్పృహ లేకుండా ఆసుపత్రికి మోసుకెళ్ళాం.

"ఒక్కరైనా ముందే అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణక్కా" అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. అడగడానికి వచ్చార్రా. నేను అడగనివ్వలేదు. తప్పు నాది.

ఆదివారం నిన్ను చూడటానికి వస్తున్నాను. నా మొహం చూడాలని లేకపోతే లేనని చెప్పించు. ఏమీ అనుకోకుండా వెళ్ళిపోయి, పై ఆదివారం మళ్ళీ వస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరాననుకుంటూ నీకు అడ్డం నిలబడిన
అక్క