నాన్న జముకు దించి పంపు, అన్నయ్యా

భిలాయి, ఖుర్సీపార్
ఆదివారం

పూజ్యులైన అన్నయ్యకి తమ్ముడు అప్పలనాయుడు నమస్కరించి రాసుకునేది. మేమంతా బాగున్నాం. నీ మోకాలి నొప్పి, వదిన దగ్గు తగ్గాయని తలుస్తాను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి, కూలరుకి కొత్త గడ్డి కట్టించాం. నా గురించి బెంగపడొద్దు.

నీ ఉత్తరం అందింది. మా శీనుగాడి చేత ఆ గిటారు అమ్మించేసి, రైసుమిల్లులో గుమస్తా పనికి పంపమన్నావు. నీ మాట ఏనాడూ కాదనలేదు. ఇప్పుడు కాదంటున్నాను. వాడు రాడు, నేను పంపను.

వాడు వాయించేది బేస్ గిటారు. నాలుగు లావుపాటి తీగలు, అన్నిటికంటే కింద మోగుతుంది. మా ఇంటికి బేస్ వచ్చిందని నేను చెబితే పక్కింటి దీదీ భైంస్ అనుకుంది, అంటే గేదె. మర్నాడు పొద్దున్నే గిన్నె పట్టుకుని పాలకొచ్చింది. అప్పట్నుంచి మా క్వార్టర్ల లైనంతా, "ఏటి నాయుడు భయ్యా, మీ గేదె ఈనిందేటి?" అని ఒకటే ఎగతాళి. మూడేళ్ళు తలొంచుకుని తిరిగాను.

మొన్న శనివారం సాయంత్రం పవర్ హౌస్ బజారు దగ్గర హాల్లో శీను, వాడి స్నేహితుల కచేరీ. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. ఒక్కో పాట పావుగంట. నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తున్నది ఉన్నట్టుండి ఏడులోకి మారుతుంది. ముప్పై ఏళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేసి నా చెవులు సగం పోయాయి కదా, పాడేవాడి పాట నాకు చేరలేదు. శీను తీగ మీటితే మాత్రం కుర్చీలోంచి గుండెలోకొచ్చింది. కళ్ళు మూసుకున్నాను. నాన్న జముకు, అన్నయ్యా. జముకుల కథ చెబుతూ మధ్యలో నాన్న దాని తీగ బిగించి లాగితే బుంయ్‌మనేది చూడు, అదే.

మీ మరదలు మోచేత్తో పొడిచి, "ఏటలా ఏడస్తన్నారు, అందరూ చూస్తన్నారు" అంది.

"చూడనీయే, నాకు ఇనబడతంది" అన్నాను.

చివర్లో పక్కింటి దీదీ కూడా లేచి చప్పట్లు కొట్టింది. కలకత్తా నుంచి వచ్చినాయన ఎవరో, కేసెట్ చేస్తాను రమ్మని ఆ పిల్లల్ని పిలిచాడు. వచ్చే నెల వెళ్తారు. నా కొడుకు అన్నయ్యా, నా కొడుకు.

నీ సంబంధం అప్పుడు ఆడపెళ్ళివారు ఇల్లు చూడ్డానికి వస్తున్నారని, జముకు వాయించే ఇల్లంటే చిన్నచూపు చూస్తారని, నువ్వు దాన్ని గోనెసంచిలో పెట్టి అటకెక్కించావు. సంచి మూతి కట్టింది నేనే. నాన్న మళ్ళీ అడగలేదు. ఇప్పుడు దించు. ఈ నెలాఖరుకి మా బావమరిది అటునుంచి వస్తున్నాడు, చర్మం చిరిగిపోయినా సరే వాడికిచ్చి పంపు. వదిన కారప్పొడి పంపలేకపోయినా పరవాలేదు. శీను కలకత్తా బండి ఎక్కేలోగా వాడి చేతిలో పెట్టాలి. నాన్న ఒక్క తీగతో ఊరంతటినీ కూర్చోబెట్టాడు, వీడికి నాలుగున్నాయి.

వదినకి మా ఇద్దరి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు. నీ చెయ్యి వాడి తల మీద ఉందనుకుంటాను. కోపమొస్తే నన్ను తిట్టు, జముకు మాత్రం ఆపకు.

నీ తమ్ముడు, బేస్ వాయించే శీను నాన్న,
అప్పలనాయుడు