ఇరవై ఏడు ఎంత ఎత్తు ఎక్కిందో!

ఏమండీ,

ఈరోజు మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక చుట్టాలు పామర్రు బస్సెక్కేశారు. ఏడాదిగా మీ పేరెత్తని అత్తయ్య, "వాడి లెక్క మనమూ చేద్దామే," అన్నారు.

సరిసంఖ్యను సగం చెయ్యాలి, బేసిసంఖ్యను మూడింతలు చేసి ఒకటి కలపాలి; వచ్చినదానికి మళ్లీ అలాగే చేస్తూ పోవాలి. ఏ సంఖ్యైనా చివరికి ఒకటికి చేరుతుందని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదని మీరు చెప్పేవారు కదా. మేము ఇరవై ఏడుతో మొదలుపెట్టాం.

అది పడుతూ లేస్తూ తొమ్మిది వేల రెండు వందల ముప్ఫై రెండు దాకా ఎక్కింది! ఇరవై ఏడుకన్నా చిన్న సంఖ్య ఏదీ అంత ఎత్తుకు వెళ్లదట.

"అమ్మో, ఇది మళ్లీ దిగుతుందంటావా?"

"చూద్దాం అత్తయ్యా."

కాఫీలు చల్లారిపోయాయి. ఒకటి రాగానే ఆవిడ చప్పట్లు కొట్టి నవ్వారు. ఇప్పుడు పక్కింటావిడను పిలిచి, "మా అబ్బాయి లెక్క నేర్పుతా, రామ్మా," అంటున్నారు.