మంగళవారం ఏడు గంటలకు

కాటన్ క్రీక్, ఓక్లహోమా
అక్టోబర్ 2013

ప్రియమైన నాన్నకు,

ఫోను చేసి చేసి విసుగొచ్చింది. మీ నూనె బావుల దగ్గర అందరూ ఒకేసారి ఇళ్లకు చేస్తారట, అందుకే కలవదట. అందుకని ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

నన్ను కాలేజీ వాళ్లు తీసుకున్నారు. ఇంకా ఎనిమిదో తరగతిలో ఉన్న నన్నే.

రెడ్ బ్లఫ్ స్టేట్ కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్ హెండ్రిక్స్ నేను బంతి విసరడం చూసిందట. మా వయసు పిల్లలకు కాలేజీ కోచ్‌లు ఫోన్ చెయ్యకూడదని రూలు. మేం చేస్తే మాత్రం ఎత్తవచ్చు. మా క్లబ్ కోచ్ రస్టీ అమ్మతో, "మంగళవారం ఏడింటికి పిల్ల చేత చేయించండి, ఆవిడ ఫోను పక్కనే కూర్చుంటుంది" అన్నాడు. వంటింట్లోంచి చేశాను. ఆవిడ, "డార్సీ, నీ చోటు నీకు ఉంచుతాను. ఇవాళ్టి నుంచి నువ్వు మా పిల్లవి" అంది. చదువు ఖర్చంతా వాళ్లదే. అమ్మ ఓవెన్‌లో బిస్కెట్ల సంగతి మర్చిపోయి ఏడుస్తూ కూర్చుంది. అమ్మమ్మ మాత్రం, "ఆలూ లేదు, చూలూ లేదు, అప్పుడే పేరు పెట్టేస్తున్నారా?" అని మాడిన బిస్కెట్లు తీసి పారేసింది.

ఇంకో రెండు కాలేజీల కోచ్‌లు కూడా నన్ను ఫోన్ చెయ్యమన్నారట. వాళ్లకేం చెప్పను? అన్నట్టు, నువ్వు లేవు కదా, బకెట్ బోర్లించుకుని కూర్చుని నా బంతులు పట్టేది ఇప్పుడు అమ్మే. బంతి వచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటుంది.

నీ
డార్సీ


విల్లిస్టన్, నార్త్ డకోటా
నవంబర్ 2013

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. క్యాంపులో అందరికీ చూపించాను. ఇప్పుడు నేను కనబడితే చాలు, తప్పుకుని పోతున్నారు.

ఆ ఇద్దరి సంగతి అడిగావు. రెండు పడవల మీద కాళ్లు పెట్టే వంశం కాదు మనది. మాట ఇచ్చాం, అయిపోయింది. వాళ్లిద్దరికీ నువ్వే ఫోన్ చేసి, "నేను ఒకరికి మాట ఇచ్చాను, నా చోటు ఇంకొకరికి ఇవ్వండి" అని చెప్పు. అమ్మ చేత చెప్పించకు.

క్రిస్మస్‌కు ఈ పని వదిలేసి వచ్చేద్దామనుకున్నాను. ఇప్పుడు కాలేజీ చేరేదాకా నిన్ను ఊరూరా ఆడించాలి, దానికి డబ్బు కావాలి. ఇంకో రెండు చలికాలాలు ఇక్కడే ఉంటాను. నీ కోసం కాబట్టి చలి పెద్దగా తెలియదులే. చెయ్యి నొప్పి పెడితే మాత్రం దాచకు. బకెట్ మీద నా చోటు అమ్మకు అరువిచ్చానంతే, మళ్లీ తీసుకుంటానని చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న


కాటన్ క్రీక్
ఏప్రిల్ 2014

ప్రియమైన నాన్నా,

నువ్వు చెప్పినట్టే ఆ ఇద్దరికీ అప్పుడే చేశాను. ఒకావిడ, "మీ నాన్న బాగా పెంచాడమ్మా" అని పెట్టేసింది. రెండో ఆయన నా పేరు కొట్టేస్తానన్నాడు.

కోచ్ హెండ్రిక్స్‌కు ప్రతి మంగళవారం చేస్తూనే ఉన్నాను. నిన్న నీ గురించి కూడా మాటలు వచ్చాయి. మంచులో పనిచేస్తున్నావని, నాకోసమే అక్కడున్నావని. నువ్వు పంపిన కాలేజీ చొక్కా స్కూలుకు వేసుకెళ్లాను. "కాలేజీ అమ్మమ్మా, దారివ్వు" అని ఏడిపిస్తున్నారు. ఏడిపించనీ.

నా గురించి బెంగ పెట్టుకోకు. ఉంటాను.

డార్సీ


కాటన్ క్రీక్
జూలై 2014

నాన్నా,

నీ ఉత్తరాలు అందాయి. కొలరాడో టోర్నమెంట్ అయిపోయింది. బాగా ఆడాను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఎక్కువ రాయలేను, పని ఉంది.

డార్సీ


విల్లిస్టన్
ఆగస్టు 2014

డార్సీ తల్లికి,

ఆ నాలుగు ముక్కలూ కోడి కెలికినట్టున్నాయి. కదిలే కారులో రాశావా?

ఒక మాట అడగాలి. నా పక్క మంచం మీద పడుకునే లైల్‌ది కాన్సస్. వాడి కూతురూ బంతి విసురుతుంది. భోజనాల దగ్గర నీ సంగతి చెబుతుంటే, "హెండ్రిక్సా? ఆవిడ ఫిబ్రవరిలోనే వేరే కాలేజీకి పోయింది కదా" అన్నాడు. "నోర్ముయ్, మా అమ్మాయి వారం వారం ఆవిడతో మాట్లాడుతోంది" అన్నాను. వాడు నన్నొకసారి చూసి, పళ్లెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

నిజమేమిటో నువ్వు చెప్పు. ఇంకెవరు చెప్పినా నమ్మను.

నాన్న


కాటన్ క్రీక్
ఆగస్టు 2014

ప్రియమైన నాన్నకు,

లైల్ చెప్పింది నిజం. ఆయన్ని ఇంకేమీ అనకు.

ఆవిడ వెళ్లిపోయిందని నాకు రస్టీ చెప్పాడు. అయినా మంగళవారం ఏడింటికి చేసేదాన్ని. ఎవరూ ఎత్తేవారు కాదు. కాసేపటికి మెషీన్‌లో రికార్డు చేసిన ఆవిడ గొంతే వచ్చేది, "పేరు చెప్పండి, తప్పకుండా మాట్లాడతాను" అని. తీసెయ్యడం మర్చిపోయారు. నువ్వు మంచులో ఉన్నావని, నాకోసమే ఉన్నావని ఆ మెషీన్‌కే చెప్పాను. నీకు రాసింది అదే.

మేలో కొత్త కోచ్ ఎత్తింది. "అమ్మా, నీకు మాట ఇచ్చిన మనిషి వెళ్లిపోయింది. నేను ఇవ్వలేదు. నాకు కావలసిన పిల్లల్ని నేను తెచ్చుకుంటాను" అంది. కోపంగా కూడా అనలేదు, మెత్తగానే అంది. మనం వద్దన్న ఇద్దరికీ మళ్లీ చేశాను. చోట్లు నిండిపోయాయట. నేనే కదా ఇంకొకరికి ఇమ్మన్నాను.

నీకు చెబితే అక్కడి నీ చలికాలమంతా వృథా అయిపోతుందనిపించింది. కొలరాడోలో ఇంకెవరైనా చూస్తారని, చూస్తే అప్పుడు నీకు అంతా కలిపి చెబుదామని అనుకున్నాను. చెయ్యి వసంతం నుంచే నొప్పిగా ఉంది. కోచ్‌లు అక్కడ మడతకుర్చీలు వేసుకుని వరుసగా కూర్చున్నారు. ఆట మీద ఆట నేనే విసిరాను. ఆఖరి రోజు ముంజెయ్యి టప్‌మంది. తలెత్తి చూస్తే వాళ్లు కుర్చీలు మడిచి పక్క మైదానానికి వెళ్తున్నారు. అమ్మ ఒక్కతే నావైపు పరుగెత్తుకొస్తోంది.

ఎముక ముందే చిట్లి ఉందట. వేళ్లు ఇంకా సరిగా ముడుచుకోవు. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను, పోయిన ఉత్తరమూ అంతే. మళ్లీ విసరగలనా అని అడిగితే డాక్టరు అమ్మ వైపు చూశాడు. అమ్మను తిట్టకు, నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. నీ బకెట్ వరండాలోనే ఉంది. అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

నాన్నా, నువ్వు చెప్పినట్టే నేను మాట మీద నిలబడ్డాను. నాకు నీ మీద కోపంగా ఉన్నా, నీకు చెప్పకుండా ఉండలేను.

ఇవాళ మంగళవారం. ఏడు కాగానే అలవాటుగా వంటింట్లోకి వెళ్లి ఫోను చేతిలోకి తీసుకున్నాను. నీకు చేశాను. కలవలేదు.

నీ
డార్సీ