ఆపమని మొక్కిన వాన

ఆదెప్పన్నకు,

జపాన్‌కొచ్చిన మా రైతుల బృందం ఇక్కడి పెద్ద ఊళ్లు చూడను పోయింది. నేను మాత్రం ఎవరూ రాని ఈ సముద్రపు పల్లెలోనే నాలుగు రోజులు ఉండిపోయినాను. ఏం ఊరన్నా! ఎవరికీ తొందర లేదు. మనం శెనక్కాయలు ఎండేసినట్టే ఒక అవ్వ చేపలు ఎండేసి, ఒక్కొక్కటే ప్రేమగా తిప్పుతుంది. నేనూ పక్కన కూర్చుని తిప్పుతున్నాను.

నిన్న మబ్బు పట్టింది. మూడేళ్ల కరువు చూసినోణ్ణి, సంతోషంగా చేతులు జోడించినాను. చేపలు తడుస్తాయని అవ్వకేమో ఏడుపొక్కటే తక్కువ. ఆమెతో చేపల తట్టలు మోస్తా, నాకు తెలిసిన దేవుడు మన నిడుగల్లు గుడిలోని హనుమంతరాయుడే కదా, "ఈ పూటకు వాన ఆపు సామీ" అని మొక్కినాను.

చినుకు పడలేదు. అప్పటి నుంచి ఒకటే భయం. ఆయన ఆపింది ఈడి వాననా, మన నిడుగల్లు వాననా? వెంటనే రాయన్నా.

నీ తమ్ముడు