నందకిశోర్‌కు స్ట్రోక్, నాకు అమ్మవారు

ఆగస్టు 11, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది, ఎవరో తమ చెయ్యి నాకప్పగించి ఊరెళ్ళినట్టు. రోజూ నాలుగు లైన్లు రాయమంది హాస్పిటల్లో ఫిజియో అమ్మాయి. ఎవరికి రాయాలో చెప్పలేదు.

ఇంటికొచ్చేశాను. మంచం కిటికీ పక్కన వేశారు. మధ్యాహ్నమైతే ధూల్‌పేట్ వైపు నుంచి గణపతి విగ్రహాలకు వేసే రంగుల వాసన వస్తుంది. ఆ వాసనకి నిద్ర వస్తుంది. నిద్రలో పసుపు నీళ్ళు వస్తాయి.

ఆగస్టు 13

గుర్తున్నంత వరకు రాస్తాను. బోనాల ఆదివారం. నెత్తిన బోనం దించి గుడి ముందు నిలబడ్డాను. తలలోపల ఏదో వెచ్చగా తెగింది. కుడి కాలు ఉన్నట్టే లేదు. నాలుక మందమైంది. ఊగాను. అమ్మవారొచ్చింది, అమ్మవారొచ్చింది అని ఎవరో అరిచారు. ఇక అంతే. చేతిలో వేపమండలు పెట్టారు, పసుపు నీళ్ళు కుమ్మరించారు. మా అత్త లీలమ్మ నా కాళ్ళు పట్టుకుంది. పెళ్ళైన నాటినుంచి ఆవిడ కాళ్ళు నేను పట్టడమే గానీ ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. హాయిగా అనిపించింది. డప్పుల మధ్య నీళ్ళలో తేలుతున్నట్టు ఉంది. మా ఆయన బాలకిషన్ చేతులు జోడించి, అమ్మా, ఉస్మాన్‌గంజ్ దుకానం మీద ఇంకో అంతస్తు లేపాల్నా వద్దా అని అడిగాడు. నేనేదో అన్నానట. సరే అన్నట్టు తీసుకున్నారు. ఇప్పుడక్కడ ఇటుకలు దిగుతున్నాయి.

ఫ్రెండ్ ఇంటికి పోయిన మా అమ్మాయి మనస్విని చీకటి పడ్డాక వచ్చి, నా మూతి వంకర చూసి లొల్లి చేసింది. అప్పుడు అంబులెన్స్. నయాపూల్ వంతెన దాటుతుంటే దీపాలు నీళ్ళలో ఉన్నాయో ఆకాశంలో ఉన్నాయో తెలియలేదు.

ఆగస్టు 14

నందకిశోర్ పడితే స్ట్రోక్. నేను పడితే అమ్మవారు.

ఆగస్టు 17

మా మరిది నందకిశోర్ చూడ్డానికొచ్చాడు. మూడేళ్ళ క్రితం దుకాణంలో చింతపండు తూకం వేయిస్తూ ఒరిగిపోయాడు. హమాలీ దుర్గయ్య ఎవర్నీ అడగలేదు. ట్రాలీ ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికించాడు. అతనికీ అదే బ్లీడ్, నాలాగే మెదడులో ఎడమవైపు. ఇప్పుడు స్కూటర్ నడుపుతున్నాడు. వదినా, ఫికర్ చెయ్యకు, మస్తు మంది లేచి తిరుగుతున్నరు అన్నాడు.

తమ్ముడు పడ్డ ఆరోజు మా ఆయన, ఎంతైనా సరే ఆపరేషన్ చెయ్యుండ్రి సాబ్ అన్నాడు. నాకైతే, ఇంట్ల మాట్లాడుకొని చెప్తం అన్నాడట. మనస్విని చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు. తట్టలేదు, అంతే. అదే నాకు ఏడుపు తెప్పిస్తోంది.

తమ్ముడికి ఏడాదిపాటు ఇంటికే ఫిజియో వచ్చాడు. నాకు రొట్టెలు చేస్తే చేతికి అదే ఎక్సర్‌సైజ్ అంది అత్త. పొద్దున్నే నా కాళ్ళకు మొక్కుతుంది. తర్వాత రొట్టెల పీట తెస్తుంది.

ఆగస్టు 22

రివ్యూకి వెళ్ళాను. ఇద్దరిదీ ఒకటే రోగం కదా అని డాక్టరమ్మను అడిగాను. మగవాళ్ళకు చిన్న వయసులోనే ఎక్కువగా వస్తుందట, మనకు కాస్త వయసు మళ్ళాక. రక్తం కారడం మాత్రం ఎవరికైనా రక్తం కారడమే అంది. తన దగ్గరికి ఆడవాళ్ళను లేటుగా తెస్తారట. తలనొప్పంటే ఉపవాసమంటారు, కళ్ళు తిరిగితే నీరసమంటారట. నన్నైతే దేవతన్నారు అన్నాను. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు.

ఆగస్టు 29

శుక్రవారాలు గల్లీ ఆడవాళ్ళు వస్తున్నారు. నా కాళ్ళకు పసుపు రాస్తారు. నేను పరుపు మీద కొంచెం పైకి తేలినట్టు కూర్చుంటాను. మా ఆయన చింతపండు కొనే ముందు కూడా నన్నడుగుతున్నాడు. అంతకుముందు చీర రంగు కూడా అడిగిన మనిషి కాదు.

రోగమని చెప్పెయ్యమ్మా అని మనస్విని కోప్పడింది. రేపు చెప్తానన్నాను.

సెప్టెంబరు 5

చెప్పలేదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

గుడి ముందు పూలమ్మే సత్తెమ్మ వచ్చింది. మూడు రోజుల నుంచి తల పగిలిపోతోందట, కన్ను వెనకాల పొడుస్తోందట. బీపీ చూపించుకో, మా అమ్మాయి తీసుకెళ్తుంది అన్నాను. గంత దానికి దవాఖాన ఎందుకమ్మా, నీ చెయ్యి పెట్టు సాలు అంది.

అప్పుడు చెప్పాను, చివరికి. నేను సుగుణను, అమ్మవారిని కాను, నాకొచ్చింది రోగం అని. అమ్మ గట్లనే అంటది అని నవ్వింది. మనస్విని చెయ్యి పట్టుకుని లాగినా సత్తెమ్మ కదల్లేదు. ఏం చెయ్యను, పెట్టాను, ఎడమ చెయ్యి. సల్లగున్నదమ్మా అని పోయింది. నాకు మాత్రం భయం పోలేదు.

సెప్టెంబరు 27

నిన్న నవరాత్రి కుంకుమ పూజ, నన్నూ గుడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. సత్తెమ్మ గుడి మెట్ల దగ్గర చామంతులు కడుతోంది. దారం జారింది. తీసుకోబోయింది, చెయ్యి రాలేదు. మూతి ఒక పక్కకు పోయింది. కూర్చున్న చోటే ఊగింది.

అమ్మవారొచ్చింది అన్నారు. డప్పు మొదలైంది. బిందెతో పసుపు నీళ్ళు వస్తున్నాయి. సత్తెమ్మను ప్రశ్నలు అడగడానికి జనం లైను కట్టారు, మా ఆయన అందులో ముందున్నాడు.

రోగం, దవాఖానకు తీసుకుపొండి అన్నాను. నా మాట ఇంకా ముద్దగానే వస్తుంది. ఒక్కరూ తిరగలేదు. అత్త నా భుజం నొక్కి, నువ్వు కూసో, ఇయ్యాల ఆమె వంతు అంది.

సత్తెమ్మ నా వైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. లోపల హాయిగా ఉంటుంది, అందుకే సహాయం అడగబుద్ధి కాదు. సుగుణ మాటకు ఈ గల్లీలో విలువ లేదు. సరే అనుకుని జుట్టు విప్పాను.

ఆపుండ్రి అని కేక పడింది. నా బిడ్డ తలల నెత్తురు కారుతున్నది, నాకు పూజలొద్దు, దవాఖానకు తీస్కపొండ్రి అని. డప్పు ఆగింది. మా ఆయన పరుగెత్తి ట్రాలీ ఆటో తెచ్చాడు. బిందె కింద పెట్టేలోగా సత్తెమ్మ అందులో ఉంది.

సెప్టెంబరు 29

సత్తెమ్మ కళ్ళు తెరిచింది. టైముకి తెచ్చారన్నారట. నాకూ తలకు సీటీ స్కాన్ తీశారు. కొత్తగా ఏమీ లేదు.

అమ్మవారే వచ్చిందని గల్లీ అంతా అంటోంది. మస్తు యాక్టింగ్ చేసినవమ్మా అంటోంది మనస్విని.

జుట్టు విప్పింది నేనే. నోరు తెరిచినట్టు గుర్తులేదు.